పాత పద్యాల్లోని అరసున్ననూ బండి ఱనూ తీసివేయవచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ తాతగారు స్వాతంత్ర్యానికి పూర్వం అచ్చు వేయించిన పద్యాల పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. అందులో «వాఁడు», «రామునిఁ జూచి» వంటి చోట్ల అర్ధచంద్రాకారంలో అరసున్న అనే గుర్తు ఉంది. «చెఱువు», «మఱి» వంటి మాటల్లో ర బదులు బండి ఱ ఉంది. నేటి పాఠకులకు ఇవి అడ్డు తగులుతాయి కాబట్టి తీసివేయవచ్చా, ఇంతకూ ఇవి ఎందుకు పుట్టాయి, ఎలా పలకాలి అని మీ సందేహం. పాత కావ్యాల ప్రతులు సరిచూడడం, ప్రూఫులు దిద్దడం చాలాకాలంగా నా పని కాబట్టి నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

ముందుగా జవాబు: పద్యాల్లో వాటిని తీయకండి. ఆ పుస్తకానికి మీరు రాసుకునే ముందుమాటలో వాటిని పెట్టనక్కరలేదు. అరసున్న, బండి ఱ పండితులు అలంకారం కోసం తగిలించినవి కావు. ఒకప్పుడు తెలుగువాళ్ల నోట నిజంగా పలికిన ధ్వనుల ఆనవాళ్లు అవి. ఈనాటి వాడుకలో ఆ ధ్వనులు లేవు కాబట్టి ఈనాటి వచనంలో ఆ గుర్తులు లేకపోవడం తప్పు కాదు. పాత రచనలో ఉన్నవాటిని చెరిపివేస్తే మాత్రం అర్థమూ, సంధీ, ఒక్కోసారి ఛందస్సూ చెడతాయి.

బండి ఱతో మొదలుపెడతాను. దాన్ని శకటరేఫ అంటారు. అక్షరం బండి ఆకారంలో ఉన్నదని ఆ పేరు. మామూలు ర సాధురేఫ. ఈ రెండూ ఒకే ధ్వనికి రెండు రాతలు అని చాలామంది అనుకుంటారు. కాని తెలుగుతో పాటు పుట్టిన భాషలను పక్కన పెట్టి చూస్తే, రెండింటి పుట్టుక వేరని వెంటనే తెలుస్తుంది. తెలుగులో ఊరు అంటే గ్రామం, తమిళంలో అది «ఊర్», మామూలు రేఫ. ఊరడం, అంటే నీరు ఊటగా రావడం లేదా నానడం, మన పాత రాతలో «ఊఱు». తమిళంలోనూ అక్కడ శకటరేఫయే. అందుకే పాత నిఘంటువుల్లో «ఊఱగాయ» అని ఉంటుంది. చెట్టుకు ఉండేది వేరు, భిన్నమైనది వేఱు. తమిళంలో మొదటిది «వేర్», రెండవది «వేఱు». ఏరువాకలోని ఏరు నాగలి. పారే ఏఱు నది, తమిళుల «ఆఱు» అదే. ఇన్ని జంటల్లో రెండు భాషలూ ఒకే చోట ఒకే తేడాను పాటించాయంటే అది రాతగాళ్ల ఇష్టాయిష్టాల వల్ల జరిగేది కాదు.

భాషాశాస్త్రజ్ఞులు దీనికి చెప్పే కారణం చాలా బలమైనది. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి వారు పునర్నిర్మించిన మూలద్రావిడంలో, అంటే తెలుగు, తమిళం వంటి భాషలన్నిటికీ మూలమైన భాషలో, పళ్ల దగ్గర పలికే తకూ నాలుకను వెనక్కి మడిచి పలికే టకూ నడుమ, నాలుక కొనను పళ్ల చిగురుకు ఆనించి పలికే మూడవ స్పర్శ ధ్వని ఒకటి ఉండేది. అది రెండు అచ్చుల మధ్య ఒంటరిగా ఉన్నప్పుడు తెలుగులో ఱ అయింది. తమిళంలో «నూఱు», «ఆఱు» అని ఉన్న సంఖ్యలు మనకూ నూఱు, ఆఱు. అదే ధ్వని జంటగా వచ్చినప్పుడు మనకు ట్ట అయింది: తమిళంలో «పఱ్ఱు», «చుఱ్ఱు» అని రాసేవి మనకు పట్టు, చుట్టు. అనునాసికం, అంటే ముక్కుతో పలికే ధ్వని, తరువాత వచ్చినప్పుడు ఇంకోరకంగా మారింది: «పన్ఱి» మనకు పంది, «మూన్ఱు» మనకు మూఁడు. పంది, పట్టు, నూఱు అనే మూడు మాటల్లో ఒకే పాత ధ్వని మూడు దారులు పట్టిందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. ఆ మూడింటిలో ఱ ఒక్కటే తన అక్షరాన్ని నిలుపుకొంది. దాన్ని రగా మార్చి రాస్తే ఈ చరిత్ర అంతా ఆ పుటలో కనిపించకుండా పోతుంది.

కవులు ఈ తేడాను ఎంత గట్టిగా పట్టించుకున్నారో ప్రాసలో కనిపిస్తుంది. వృత్తాలు, కందం వంటి ప్రాసనియమం గల తెలుగు పద్యాల్లో పాదాలన్నిటా రెండవ అక్షరంలోని హల్లు ఒకటే కావాలి. నన్నయ, తిక్కన, ఎఱ్ఱన రకూ ఱకూ ప్రాస కలపలేదు. తరువాతి శతాబ్దాల్లో ఉచ్చారణలో రెండూ కలిసిపోయిన కొద్దీ కవులు కలపడం మొదలుపెట్టారు. ఏ మాటకు ఏ రేఫ రావాలో లాక్షణికులు, అంటే వ్యాకరణ, ఛందో నియమాలు రాసేవారు, పట్టికలు తయారుచేసి ఇవ్వవలసిన అవసరం కలిగింది. ఒక తేడా నోటిలో సజీవంగా ఉన్నంత కాలం దానికి పట్టికలు ఎవరూ రాయరు. కాబట్టి పాత పద్యంలో ఱ ఉన్నచోట ఉంచడం ఆ కవి ఏ సంప్రదాయాన్ని పాటించాడో తెలుసుకోవడానికి కూడా ఆధారమే. మీ తాతగారు రకూ ఱకూ ప్రాస వేశారో లేదో చూడండి. ఆయన ఏ గురువుల దగ్గర చదువుకున్నారో, ఎంత నియమంగా రాసేవారో మీకు అందులోనే కొంత తెలుస్తుంది.

ఇతర భాషల సంగతి కూడా ఒక మాటలో చెబుతాను. మలయాళీలు నేటికీ ఈ రెండు రేఫలను స్పష్టంగా వేరువేరుగా పలుకుతారు. తమిళంలో రాతలో రెండూ ఉన్నా, ఎక్కువ ప్రాంతాల మాటల్లో కలిసిపోయాయి. కన్యాకుమారి వైపు మాత్రం తేడా వినిపిస్తుంది. కన్నడం మనలాగే ఆ అక్షరాన్ని వదులుకుంది.

నిజానికి తెలుగు పోగొట్టుకున్నది ఱ ఒక్కటే కాదు. నన్నయ కంటే ముందే, శాసనాల కాలంలోనే, ఇంకో రెండు అక్షరాలు కనుమరుగయ్యాయి. తమిళులు «ఏఴు», «కోఴి», «నిఴల్» అనేటప్పుడు పలికే ఴ వాటిలో ఒకటి. కడప సీమలోని రేనాటి చోళుల శాసనాల్లో «చోఴ» అని ఆ అక్షరంతోనే కనిపిస్తుంది. తరువాత పదమధ్యంలో అది డగా మారింది: ఏఴు మనకు ఏడు, కోఴి మనకు కోడి, నిఴల్ మనకు నీడ, «ఊఴియం» మనకు ఊడిగం. చోఴ కాస్తా చోడ అయింది. తెలుగు చోడులు అనే పేరు ఈ మార్పు ఫలితమే. రెండవది ౚ అనే అక్షరం. «వాౚు», «మూౚు» వంటి రూపాల్లో కనిపిస్తుంది, తరువాతి కాలపు వాఁడు, మూఁడు అవే. శాసనాలను ఉన్నది ఉన్నట్టు టైపు చేసుకోవడానికి వీలుగా ఴను 2014లో, ౚను 2015లో యూనికోడ్‌లో చేర్చారు. బండి ఱకూ అరసున్నకూ అలాంటి నిరీక్షణ అవసరం లేకపోయింది. అవి మొదటి నుంచీ అందులో ఉన్నాయి.

ఇక అరసున్న. దీని సంగతి ఱ కంటే చిక్కైనది, అందమైనది కూడా. అరసున్న రెండు వేర్వేరు దారుల్లో వస్తుంది, ఈ రెండూ విడదీసి చూడకపోతే పాత పద్యం అర్థం కాదు.

మొదటి దారిలో అది మాటలో పుట్టుకతోనే ఉంటుంది. ఆ స్థానంలో పూర్వం పూర్తి అనునాసికం ఉండేది. దీర్ఘాచ్చు తరువాత వచ్చిన అనునాసికం తెలుగులో క్రమంగా బలహీనపడింది. తొలి అచ్చు హ్రస్వమైన మాటల్లో అదే అనునాసికం నిండుగా నిలిచింది. కొండ, బండి, ఎండ, పండు అనే మాటల్లో సున్న ఇప్పటికీ గట్టిగా వినిపిస్తుంది. తోఁట, దాఁటు, ఈఁదు అనే మాటల్లో అది సగమై, ఆపైన పూర్తిగా మాయమైంది. పాత కన్నడంలో «తోంట», «దాంటు» అని ఉండడం, తమిళంలో ఈదడాన్ని నేటికీ «నీందు» అనడం దీనికి సాక్ష్యం. ఈ గుర్తు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక జంట చాలు: ఏఁడు అంటే సంవత్సరం, తమిళంలో «యాండు», ఏడు అంటే ఆరు తరువాతి సంఖ్య, తమిళంలో «ఏఴు». వేరువేరు మూలాల నుంచి వచ్చిన రెండు మాటలు అరసున్న పోగానే ఒకే రూపంలో కలిసిపోతాయి. వాఁడు అంటే అతడు, వాడు అంటే వాడిపోవు అన్నది ఇంకో జంట. పద్యంలో క్రియాపదం ఎక్కడ ఉన్నదో వెతుక్కునే పాఠకుడికి ఈ తేడా ఎంత సాయమో చదివేవారికి తెలుసు.

ఇక్కడ నా మనసుకు దగ్గరైన విషయం ఒకటి చెప్పాలి. ఏఁడుకు బహువచనం తెలంగాణలో, రాయలసీమలో చాలామంది నోట «ఏండ్లు». పదేండ్లు, ఇరవైయేండ్లు అంటారు. కోస్తా వైపు ఏళ్లు అంటారు, పత్రికల్లోనూ అదే ఎక్కువ. అలాగే «వాండ్లు». ఈ రూపాలు పలికే పిల్లలను బడిలో సరిదిద్దడం నేను చూశాను, చాలా బాధపడ్డాను. పండితులు వ్యాకరణం చూసుకుని అరసున్నగా రాసుకున్న అనునాసికాన్ని ఆ పిల్లలు నిండుగా నోట నిలుపుకొన్నారు. అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: «ండ్లు» వినిపించిన ప్రతిచోటా ఏకవచనంలో అరసున్న ఉన్నదని అనుకోకూడదు. కండ్లు కన్ను నుంచి, ఇండ్లు ఇల్లు నుంచి వచ్చినవి. వాటి దారి వేరు.

రెండవ దారి సంధి. ఇక్కడే అరసున్న తీసివేయడం వల్ల ఎక్కువ నష్టం జరుగుతుంది. తెలుగులో కొన్ని రూపాల చివర న అనే ధ్వని ఉంటుంది. వ్యాకరణంలో దాన్ని ద్రుతం అంటారు. దాని తరువాత క, చ, ట, త, ప వస్తే అవి గ, జ, డ, ద, బ అవుతాయి. ద్రుతం తాను సున్నగానో అరసున్నగానో మారుతుంది, లేదా నకారంగానే మిగులుతుంది. పరవస్తు చిన్నయ సూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంతో ప్రతి విద్యార్థికీ పరిచయమైన ఉదాహరణ ఇది: పూచెను, కలువలు కలిస్తే పూచెఁ గలువలు, పూచెం గలువలు, పూచెన్ గలువలు. అంటే ఆ అరసున్న అక్కడ ఒక నకారం ఉండేదనీ, అందుకే క గ అయిందనీ చెబుతోంది. దాన్ని తీసివేసి «పూచె గలువలు» అని అచ్చువేస్తే, కలువలు గలువలు ఎందుకయ్యాయో చెప్పే ఆధారం పోతుంది.

ద్రుతం లేని మాటల తరువాత జరిగే మార్పు ఇంకోలా ఉంటుంది. అక్కడ క, చ, ట, త, పలకు గ, స, డ, ద, వ వస్తాయి. వాఁడు పోయె అన్నది వాఁడు వోయె అవుతుంది. వానిన్ పిలిచె అన్నది వానిఁ బిలిచె అవుతుంది. మొదటిదానిలో ప వ అయింది, రెండవదానిలో బ అయింది. ఎవరు పని చేశారు, ఎవరిపై చేశారు అన్న సంగతి ఈ హల్లులో, ముందున్న అరసున్నలో కూడా పలుకుతున్నది. తెలుగు పద్యంలో మాటల వరుస ఎలాగైనా మారవచ్చు కాబట్టి ఈ సూచనలు అన్వయానికి ఊతకర్రలు. ఒక శతకాన్ని తిరిగి అచ్చువేసేటప్పుడు అరసున్నలు తీసివేసిన ప్రతి ఒకటి నా దగ్గరకు ప్రూఫులకు వచ్చింది. టైపు చేసినవారు అరసున్నలతో ఆగలేదు. అవి పోయాక వింతగా కనిపించిన జ, బలను కూడా అచ్చుతప్పులనుకుని చ, పలుగా దిద్దారు. ఒక గుర్తును తీయడంతో మొదలైన పని కవి వాక్యాన్నే మార్చేదాకా వెళ్లింది. పాత ముద్రణ దొరకబట్టి సరిచేయగలిగాము.

ఛందస్సు సంగతి వేరుగా చెప్పాలి. అరసున్నకు మాత్రాబలం లేదు. దానికి ముందున్న హ్రస్వం లఘువుగానే ఉంటుంది. నిండు సున్న ముందున్న హ్రస్వం గురువు అవుతుంది. రాముఁడు అంటే గురువు, లఘువు, లఘువు, అంటే భగణం. రాముండు అంటే గురువు, గురువు, లఘువు, తగణం. ఒకే మాటను కవి అవసరానికి తగినట్టు రెండు తూకాల్లో వాడుకున్నాడు. అందుకని అరసున్నను తీసివేయడం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది: దాన్ని నిండు సున్నగా మార్చడం. అచ్చులో అరసున్న మసకగా ఉన్నచోట టైపు చేసేవారు దాన్ని పూర్ణంగా వేస్తారు, పద్యం కుంటుతుంది. సందేహం వచ్చినప్పుడు ఆ పాదానికి గణవిభజన చేయండి. ఏది ఉండాలో పద్యమే చెబుతుంది.

రాతలో ఈ గుర్తు చరిత్ర కూడా కొంచెం తెలుసుకోవాలి. ధ్వని పాతదే కాని అర్ధచంద్రాకారపు గుర్తు అంత పాతది కాదు. తాళపత్రాల్లో దానికి వేరే గుర్తు సాధారణంగా కనిపించదు. రెండింటికీ నిండు సున్నయే పెట్టేవారు. సున్నను నిండుగా పలకవలసినచోట దాని తరువాతి హల్లును జంటగా రాయడం చాలా ప్రతుల్లో చూస్తాము. రంగ అన్నది «రంగ్గ» అని ఉంటుంది. అచ్చు పుస్తకాలు వచ్చి, వ్యాకరణాలు బడుల్లో ప్రవేశించాక ఈ గుర్తు అందరికీ తెలిసింది. తరువాత గిడుగు వెంకట రామమూర్తి, ఆయనతో నడిచినవారు వ్యావహారిక భాష కోసం చేసిన ఉద్యమం వల్ల వచనం వాడుకకు దగ్గరైంది. వాడుకలో లేని ధ్వనికి గుర్తు ఎందుకన్న ప్రశ్న సహజంగా వచ్చింది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు క్రమంగా దాన్ని వదిలివేశాయి. నా అభిప్రాయంలో ఆ నిర్ణయం సరైనదే. వినిపించని ధ్వనిని ప్రతి పిల్లవాడూ కంఠస్థం చేసి రాయాలనడం చదువును భారం చేయడమే. అయితే కొత్త వచనానికి తగిన ఆ సూత్రాన్ని పాత పద్యాలపై అమలు చేయడం న్యాయం కాదు. ఆ పద్యాలను ఆ గుర్తుల సాయంతో కట్టారు.

పలకడం గురించి అడిగారు. ఱను నేడు రలాగే పలకండి, తప్పులేదు. కొందరు పద్యం చదివేటప్పుడు కొంచెం ఒత్తి పలుకుతారు. అరసున్నను చదివేటప్పుడు ఎక్కువమంది అసలు పలకరు. పలకదలచుకుంటే ముందున్న అచ్చును కొద్దిగా ముక్కుతో పలికితే చాలు. నిండు సున్నలా పలికితే మాత్రం లయ చెడుతుంది.

ఇక మీ పనికి పనికివచ్చే జాగ్రత్తలు. పుస్తకంలో లేనిచోట మీరు కొత్తగా అరసున్న గానీ ఱ గానీ చేర్చవద్దు. మీ తాతగారు పాటించనిదాన్ని వ్యాకరణం పేరుతో ఆయన నోట పెట్టినట్టవుతుంది. ఉత్సాహంలో ఊరు, పేరు, నీరు వంటి మాటలకు కూడా బండి ఱ పెట్టేవారున్నారు. అవి పుట్టుకతో సాధురేఫలే. సంస్కృతం నుంచి నేరుగా వచ్చిన మాటల లోపల అరసున్న ఉండదు. శాంతి, కాంతి వంటివాటిలో దీర్ఘం తరువాత కూడా నిండు సున్నయే. రాముఁడు వంటివాటిలో ఉన్నది చివర చేరిన తెలుగు ప్రత్యయానిది. అక్షరం మసకగా ఉండి తేల్చుకోలేనప్పుడు బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము గానీ, సూర్యరాయాంధ్ర నిఘంటువు గానీ చూడండి. మొదటిది 1885 నాటిది, రెండవదాని తొలి సంపుటం 1936లో వచ్చింది. రెండింటిలోనూ మాటలను ఈ గుర్తులతోనే ఇచ్చారు.

పుటలను స్కాన్ చేసి ఓసీఆర్‌తో అక్షరాలు రాబట్టాలనుకుంటే, అరసున్నలు ఎక్కువగా అక్కడే పోతాయని నా అనుభవం. కాబట్టి ఆ పాఠాన్ని ఒకసారి కేవలం అరసున్నల కోసమే మూలంతో పోల్చి చదవండి. అర్థం కోసం చదువుతూ వాటిని కూడా పట్టుకుందామంటే కన్ను జారిపోతుంది. సంధి జరిగిన చోట గ, జ, డ, ద, బ కనిపించి ముందు ఏ సున్నా, నకారమూ లేకపోతే అక్కడ ఆగి మూలం చూడండి.

నేటి పాఠకులకు ఇబ్బంది కలుగుతుందన్న మీ ఆలోచనకు మంచి మార్గం ఉంది. పద్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచి, కింద తాత్పర్యం నేటి తెలుగులో, ఈ గుర్తులు లేకుండా రాయండి. అంతర్జాలంలో పెడుతున్నట్లయితే వెతికేవారు «చెరువు» అని టైపు చేసినా «చెఱువు» దొరికేలా, తెర వెనుక వెతుకులాటకు మాత్రం ఱను రగా, అరసున్నను ఏమీ లేనట్టుగా లెక్కించే ఏర్పాటు చేయించవచ్చు. కనిపించే పాఠం మారనక్కరలేదు. అచ్చు పుస్తకమైతే ముందుమాట తరువాత ఒక పుటలో రెండు గుర్తులనూ చూపి, ఏఁడు–ఏడు, ఊరు–ఊఱు, పూచెఁ గలువలు అనే మూడు ఉదాహరణలు ఇవ్వండి. మూలంలో స్పష్టమైన అచ్చుతప్పులు దిద్దినట్లయితే ఏ పద్యంలో ఏది దిద్దారో అదే పుటలో కింద రాయండి.

ఏదైనా పద్యంలో అరసున్నో నిండు సున్నో తేలకపోతే ఆ పాదాన్నీ, అది ఏ వృత్తమో, ముందు వెనుకల రెండు పాదాలనూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.